హిమాయత్ సాగర్ మీద పదకొండు గల్స్

నాది కాకినాడ. చేపల రేవు దగ్గర, కుంభాభిషేకం అనే చోటి వైపు బురద మేటల మీద చలికాలంలో వందల కొద్దీ వాలే తెల్ల పిట్టల్ని చిన్నప్పటినుంచి చూస్తున్నాను. సీగల్స్ అంటాం, సముద్రం పిట్టలంటాం, అంతే. వాటిలో రకాలున్నాయని మూడేళ్ళ కిందట బైనాక్యులర్ కొన్నాకే తెలిసింది. తెలిసినా ఆ గుంపులో ఒక్కదాన్ని పట్టుకుని చూడటం నావల్ల కాలేదు. ఒకటి చూస్తుంటే దాని ముందు ఇంకోటి వాలుతుంది, వెనక నాలుగు లేస్తాయి.

హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉండే మా తమ్ముడి కూతురు డిసెంబరులో ఫోన్ చేసింది. "అత్తా, హిమాయత్ సాగర్‌కి గల్స్ వచ్చాయి. పదో పన్నెండో ఉన్నాయి." పదో పన్నెండో అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అన్నే ఉంటే ఒక్కొక్కదాన్నీ తీరిగ్గా చూడొచ్చు కదా! సెలవు పెట్టి, రెండు కిలోల కాజాలు కట్టించుకుని బయలుదేరాను.

జనవరి 23, శుక్రవారం. హిమాయత్ సాగర్, సాయంత్రం

మధ్యాహ్నం తమ్ముడి ఇంట్లో భోజనం అవగానే మేనకోడలు స్కూటీ తీసింది. సంక్రాంతి అయిపోయి వారం దాటినా అత్తాపూర్‌లో ప్రతి చెట్టుకూ, ప్రతి కరెంటు తీగకూ తెగిన గాలిపటాలు వేలాడుతూనే ఉన్నాయి. ఒక వేపచెట్టు కొమ్మల్లో మాంజా చిక్కుకుని కాకి ఒకటి ఎండిపోయి కనిపించింది. నైలాన్ మాంజా అమ్మకూడదని నిషేధం ఉంది, అయినా దొరుకుతూనే ఉంది. ఆ కాకిని చూశాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

చెరువు దగ్గరికి చేరడం అనుకున్నంత తేలిక కాదు. ముందు కట్ట వైపు వెళ్ళాం. గేటు దగ్గర కాపలా మనిషి, "లోపలికి పోనియ్యమమ్మా, పర్మిషన్ లేదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అన్నాడు. సరే అని ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒడ్డు వెంట దారి వెతికాం. మ్యాప్ మమ్మల్ని ఒక ఫంక్షన్ హాలు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడినుంచి రెండు ప్రహరీ గోడల మధ్య సందు. సందు చివర ఇంకో గోడ. గోడ అవతల నీళ్ళున్నాయని గాలిలో వాసన చెబుతోంది, కంటికి మాత్రం ఏమీ కనబడదు. స్కూటీని తిప్పుకునే చోటు కూడా లేక వెనక్కి నెట్టుకుంటూ బయటికొచ్చాం.

రోడ్డు మీద బర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి, "ఏడికి పోవాలె?" అని అడిగాడు. చెరువు ఒడ్డుకు వెళ్ళాలండీ, పిట్టలు చూడాలి అన్నాను. "గా తెల్లయా? నా యెనక రాండ్రి" అన్నాడు. ఎందుకని అడగలేదు, నవ్వలేదు. మా గోదావరి వైపు మర్యాదంతా 'అండి'లో ఉంటుంది. ఇక్కడ 'అండి' వినపడదు. పని ఆపుకుని మనతో నాలుగడుగులు నడవడంలో ఉంటుంది ఆ మర్యాద. ఆయన బర్రెల వెనక పావుగంట నడిచాం. సర్కారు తుమ్మల మధ్య ఒక కాలిబాట, దాని చివర ఒక్కసారిగా నీళ్ళు.

చెరువు నిండుగా ఉంది. పోయిన వానాకాలం గేట్లు ఎత్తి కిందికి వదిలారు, ఆ నిండుదనం ఇంకా తగ్గలేదు. ఒడ్డున తుమ్మచెట్లు నడుం దాకా మునిగి ఉన్నాయి. ఎవరిదో పాత పొలం కంచె తాలూకు రాతి స్తంభాలు వరసగా నీళ్ళలో తలలు మాత్రం పైకి పెట్టుకుని కనిపించాయి. వాటిని ఇక్కడ కడీలు అంటారని ముసలాయనే చెప్పాడు.

మేం నిలబడింది తూర్పు ఒడ్డు. సూర్యుడు సరిగ్గా ఎదురుగా దిగుతున్నాడు. నీళ్ళ మీద తెల్లవో నల్లవో తెలియని పిట్టలు పదిహేను దాకా ఎగురుతున్నాయి. గల్స్ అని మేనకోడలు ఎగిరి గంతేసింది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండు నిమిషాలు చూశాక అనుమానం వచ్చింది. ఇవి తేలిగ్గా, గాలిలో ఎగిరే కాగితంలా ఊగుతూ ఎగురుతున్నాయి. ముక్కు కింది వైపు పెట్టి నీళ్ళలో వెతుకుతూ, చటుక్కున కిందికి వంగి ముక్కుతో ఏదో అందుకుని లేస్తున్నాయి. ఒక్కటి కూడా నీళ్ళ మీద కూర్చోదు. గల్ అయితే బాతులాగా నీళ్ళ మీద హాయిగా కూర్చుని తేలుతుంది. ఇవి టెర్న్‌లు, గల్స్‌కి దగ్గరి చుట్టాలు. ఎక్కువభాగం విస్కర్డ్ టెర్న్ అనే రకం అయి ఉండాలి. ఎదురు వెలుతురులో అంతకన్నా చెప్పలేం.

ముసలాయన వెళ్ళేముందు, "పొద్దుగాల రాండ్రి. గా కడీల మీద కూసుంటయి" అన్నాడు.

జనవరి 24, శనివారం. అదే ఒడ్డు, పొద్దున

ఐదింటికే లేచాం. ఫోన్‌లో 14 డిగ్రీలు చూపించింది. కాకినాడ మనిషికి అది చాలా చలి. తమ్ముడి స్వెటర్ కూడా నా స్వెటర్ మీద వేసుకున్నాను.

ఆరూ నలభై అయ్యేసరికి ఒడ్డున ఉన్నాం. నీళ్ళ మీద పొగమంచు మోకాలెత్తున ఉంది. ముందు గొంతు వినిపించింది, బొంగురుగా, కసిరినట్టు, రేవులో నేను ఎప్పుడూ వినేదే. హైదరాబాద్‌లో ఆ గొంతు వినగానే ఒళ్ళు ఝల్లుమంది. మంచు పలచబడుతుంటే కడీలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కడీకి ఒకటి చొప్పున తెల్ల పిట్టలు. అన్నీ ఒకే వైపు, గాలికి ఎదురుగా ముఖం పెట్టుకుని ఉన్నాయి. లెక్కపెట్టాం. పదకొండు.

సూర్యుడు ఈసారి మా వెనక. గల్స్ చూడాలంటే సగం పని ఇదేనని ఆ పొద్దున అర్థమైంది. నిన్న సాయంత్రం నల్లటి నీడల్లా కనిపించిన చోటే ఇవాళ ముక్కు రంగు, కాళ్ళ రంగు, కంటి రంగు దాకా తెలుస్తున్నాయి. రెండు గంటలు కదలకుండా చూశాం.

సైజులో ఊరకాకి అంత ఉంటుంది, రెక్కలు మాత్రం బాగా పొడుగు. వీపు లేత బూడిద రంగు, పొట్ట తెలుపు. ముక్కు ఎర్రగా, గట్టిగా, కొసన నల్లగా ఉంది. కాళ్ళు ఎరుపు. కంటి వెనక, చెవి ఉండే చోట, కాటుక వేలితో అద్దినట్టు ఒక మచ్చ. తల మిగతా అంతా తెలుపే. దీని పేరు బ్రౌన్ హెడెడ్ గల్, అంటే గోధుమరంగు తలది. ఆ పేరు వేసవి ముస్తాబును బట్టి పెట్టినది. గుడ్లు పెట్టే కాలానికి తల మొత్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు పోయి చెవి దగ్గర మచ్చే మిగులుతుంది. దీని దగ్గరి చుట్టం బ్లాక్ హెడెడ్ గల్. నల్లతల అని పేరే గానీ వేసవిలో దాని తల కూడా ముదురు చాక్లెట్ రంగే. చలికాలంలో దానికీ తెల్ల తల, చెవి దగ్గర అదే మచ్చ. కాబట్టి పేర్లు పట్టుకుంటే ఏమీ తేలదు. కన్ను చూడాలి, రెక్క కొస చూడాలి.

గోధుమతలకు ఎదిగిన పిట్టలో కన్ను లేతగా, దాదాపు తెల్లగా ఉంటుంది. నల్లతలకు కన్ను నల్లన. గోధుమతల రెక్క కొస నలుపు, ఆ నలుపులో రెండు తెల్లటి బొట్లు. బర్డింగ్ చేసేవాళ్ళు వాటిని మిర్రర్స్ అంటారు. అద్దాలు అనడం నాకు నచ్చింది, లంబాడీ రవికె మీద కుట్టిన అద్దాల్లాగే మెరుస్తాయి. నల్లతలకు ఆ అద్దాలుండవు. రెక్క ముందు అంచు వెంట పొడుగ్గా తెల్లటి చీలిక ఉంటుంది, నలుపు వెనక అంచుకే.

ఎనిమిదింటికి ఎండ వెచ్చబడ్డాక పిట్టలు ఒళ్ళు విరుచుకోవడం మొదలుపెట్టాయి. మూడో కడీ మీదిది ఒక రెక్క, ఒక కాలు కలిపి కిందికి చాచింది. నల్లటి కొస, రెండు అద్దాలు. ఇన్నేళ్ళు రేవులో వందల రెక్కలు తల మీదుగా పోయినా ఆ రెండు బొట్లూ నా కంట పడలేదు. "అత్తా, ఏడుస్తున్నావా?" అంది మేనకోడలు. చలిగాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని చెప్పాను. నిజం రెండూ.

పదో కడీ మీద ఉన్నదే మమ్మల్ని తికమక పెట్టింది. అది మిగతా వాటికంటే కొంచెం మురికిగా ఉంది. ముక్కు ఎరుపు కాదు, వెలిసిన నారింజ రంగు. కన్ను నల్లన. మేనకోడలు కెమెరాతో ఫొటో తీసి ఫోన్‌లోని యాప్‌కి చూపిస్తే బ్లాక్ హెడెడ్ గల్ అని చెప్పింది. నాకూ అలాగే అనిపించింది. నోట్‌బుక్‌లో 'గోధుమతల 10, నల్లతల 1' అని రాశాం. అది మాత్రం రెక్క విప్పలేదు. తొమ్మిదింటికి నడినీళ్ళలోకి ఎగిరిపోయింది, మధ్యలో తుమ్మచెట్టు అడ్డొచ్చి రెక్క కొస కనబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రాజేంద్రనగర్ దారిలో టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఇడ్లీ ప్లేటు 40, వడ 50. ఇక్కడ ఇడ్లీ మీదే కారంపొడి చల్లి, నెయ్యి వేసి, పల్లీ చట్నీని పలచగా గరిటెతో పోస్తారు. మాకు అల్లం పచ్చడి లేనిదే టిఫిన్ కాదు. కానీ ఆ చలిలో రెండు గంటలు నిలబడి వచ్చాక, ఆ కారం నేతిలో నానిన ఇడ్లీకి నేను ఏ వంకా పెట్టలేను. బండి చుట్టూ జనం మేడారం జాతర గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకాయన అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, అంటే వాళ్ళ 'బంగారం', కొనడానికి ఎక్కడ నాణ్యంగా దొరుకుతుందో ఇంకొకాయనకు వివరంగా చెబుతున్నాడు.

మధ్యాహ్నం పై వాటా కరీంనగర్ ఆవిడ పండక్కి చేసిన సకినాలు తెచ్చింది, నేను కాజాలు ఇచ్చాను. సకినం చాయ్‌లో ముంచుకుని తింటారని ఆవిడే చూపించింది. నువ్వులు, వాము, బియ్యప్పిండి, ఒక్కో చుట్టూ చేత్తో తిప్పింది. పండగ తర్వాత పది రోజులైనా కరకరలాడుతున్నాయి.

తింటూ మేనకోడలు అడిగింది, "సముద్రం పిట్ట కదా, దారి తప్పి వచ్చాయా ఇక్కడికి?" నేను కూడా లోపల అలాగే అనుకుంటున్నాను, సముద్రం వదిలి ఇంత లోపలికి ఎందుకొచ్చాయా అని. పుస్తకం తీసి ఇద్దరం చదివాం. ఈ గల్స్ గుడ్లు పెట్టేది లడఖ్‌లో, టిబెట్ పీఠభూమి మీద. త్సో మొరిరి, త్సో కార్ లాంటి సరస్సులు, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున. చుట్టూ కొండలు, రాళ్ళు, ఎక్కడా సముద్రం లేదు. ఇవి పుట్టేది చెరువు ఒడ్డున, ఎగరడం నేర్చుకునేది చెరువు మీద. చలికి నీళ్ళు గడ్డకట్టే వేళకు హిమాలయాలు దాటి దిగుతాయి. మా రేవుకు వచ్చేవి అలా చలికాలం గడుపుకోవడానికి వచ్చినవి. నేను జీవితమంతా సముద్రం పిట్ట అన్నది అసలు చెరువు పిట్ట. హిమాయత్ సాగర్ మీద ఉన్నవి దారి తప్పినవి కావు. ఆ మాట నాకు సర్దుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

జనవరి 25, ఆదివారం. గండిపేట, తర్వాత ట్యాంక్‌బండ్

గండిపేటలో, అంటే ఉస్మాన్ సాగర్‌లో, గల్స్ కనబడలేదు. రివర్ టెర్న్‌లు మూడు ఉన్నాయి. నిమ్మపండు రంగు ముక్కు, తీరైన పొడుగు తోక. నీళ్ళ మీద ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలబడి రాయిలా పడతాయి. చూసి తీరవలసిన పిట్ట.

ఈ రెండు చెరువులూ 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత పుట్టినవి. అంత ప్రాణనష్టం జరిగాక మళ్ళీ అలా కాకూడదని విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఒకటి ఏడో నిజాం పేరు మీద, ఒకటి ఆయన పెద్దకొడుకు పేరు మీద. సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది 1931, 32లలో, అప్పటికి హిమాయత్ సాగర్ ఇంకా కొత్త చెరువు. కట్టించినవాళ్ళు పిట్టల గురించి ఆలోచించి ఉండరు. ఇప్పుడు ఒడ్డు వెంట లేచే గోడలు చూస్తుంటే మనమైనా ఆలోచించాలనిపిస్తుంది. గోడలు కట్టేస్తే పిట్టకు పోయేది కొంతే, నీటిని చూసే హక్కు పోయేది మనకే. బర్రెల తాత దారి చూపకపోతే మాకు ఆ చెరువే లేదు.

గండిపేట రోడ్డు పక్కన చేపలు వేయించే కొట్లు ఉన్నాయి. ఎర్ర మసాలా పట్టించిన ముక్కలు పళ్ళెంలో పేర్చి పెడతారు. మనం చూపించింది తూచి నూనెలో వేస్తారు. కొర్రమీను ధర ఎక్కువ చెప్పాడు, బొచ్చె అరకిలో 220కి వేయించుకున్నాం. చెరువు చేపకు ముళ్ళు ఎక్కువ, రుచి మెత్తన. మా వంజరం తిన్న నోటికి మొదట చప్పగా అనిపించింది, నిమ్మకాయ పిండి ఉల్లిపాయతో తింటే రెండో ముక్కకే ఇష్టం కలిగింది.

సాయంత్రం ట్యాంక్‌బండ్. సెలవు రోజు కాబట్టి తిరునాళ్ళలా ఉంది. హుస్సేన్ సాగర్ మీద గద్దలు యాభైకి తక్కువ లేవు, నీటికాకులు కొన్ని. గల్ ఒక్కటీ లేదు. బుద్ధుడి మీద గద్ద వాలి ఈకలు సవరించుకుంటుంటే కాసేపు చూశాం. తర్వాత ఒక ఇరానీ హోటల్లో చాయ్, ఒక్కోటి 20. బల్ల దగ్గర అప్పటికే కూర్చున్న పెద్దాయన అడగకుండానే జరిగి చోటిచ్చాడు, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు మా వైపు తోశాడు. మెడలో బైనాక్యులర్ చూసి, "క్రికెట్ మ్యాచా?" అన్నాడు. గల్స్ కోసం అని చెబితే, చాయ్ సాసర్లో పోసుకుంటూ, తన చిన్నప్పుడు హిమాయత్ సాగర్‌కి సైకిలు మీద వెళ్ళి ఈతకొట్టేవాళ్ళమని దక్కనీ ఉర్దూలో చెప్పుకొచ్చాడు. అప్పుడు గోడలు లేవట.

రాత్రి పడుకోబోయే ముందు పుస్తకం మళ్ళీ తీశాను. పదో కడీ పిట్ట మనసులోంచి పోలేదు. బ్రౌన్ హెడెడ్ గల్ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. మొదటి చలికాలం పిల్లకు కన్ను ముదురుగా ఉంటుంది, అద్దాలుండవు. నల్లకన్ను చూసి నల్లతల అని రాసేశాం. కన్ను ఒక్కటే చాలదన్నమాట.

జనవరి 26, సోమవారం. మళ్ళీ కడీల దగ్గర

సాయంత్రం నా తిరుగు ప్రయాణం. పొద్దున ఇంకోసారి వెళ్ళాలని పట్టుబట్టింది నేనే.

మంచు లేదు, గాలి బాగా ఉంది. కడీల మీద ఆరు, నీళ్ళ మీద ఐదు. మురికి పిట్ట నీళ్ళ మీద ఉంది. గంటసేపు ఎదురుచూశాం. దగ్గరి ఊళ్ళో బడి జెండా పండుగ మైకులో వినబడుతోంది. తొమ్మిది దాటాక చొక్కాకు కాగితం జెండా గుచ్చుకుని, నోట్లో చాక్లెట్ పెట్టుకుని ఇద్దరు పిల్లలు తుమ్మల మధ్యనుంచి వచ్చారు. బైనాక్యులర్ ఇచ్చి చూడమన్నాను. పిల్ల చాలాసేపు చూసింది. "దాని చెవుల కాడ దిష్టిచుక్క పెట్టిండ్రు" అంది. ఆ మచ్చకు నేను ఇంతకుముందు కాటుక అన్నాను, ఆ పిల్ల మాటే దానికి సరైన పేరు. రెండో పిల్లాడేమో పిట్టలకంటే మా స్కూటీ అద్దంలో సూర్యుణ్ణి పట్టి నీళ్ళ మీదికి వేయడంలో మునిగాడు.

అప్పుడే పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, ఒక జాలరి వలలు ఏరుకుంటూ వచ్చాడు. పుట్టి దగ్గరపడగానే పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. "పదోది! పదోది!" అని అరిచాను. అది మా ముందునుంచే, నలభై అడుగుల దూరంలో, గాలికి ఎదురీదుతూ నెమ్మదిగా పోయింది. మేనకోడలు కెమెరా ఆపకుండా నొక్కుతూనే ఉంది. నేను నాలుగు గుర్తులు చూశాను. రెక్క ముందు అంచున తెల్ల చీలిక లేదు. కొస మొత్తం నలుపు, అద్దాల్లేవు. తోక చివర సన్నటి నల్ల అంచు ఉంది. రెక్క మీద కూడా గోధుమ రంగు మరకలు. నల్లతల కాదు. గోధుమతల పిల్ల, మొన్న వేసవిలో పుట్టినది.

మేనకోడలికి మొదట నిరాశ. రెండు రకాలు దొరికాయనుకున్నది ఒకటే అయింది కదా. నాకు మాత్రం ఆ పిల్ల నల్లతల కంటే ఎక్కువ. గుడ్డులోంచి వచ్చి ఏడాది కాలేదు. ఆ ఎత్తునుంచి కొండలు దాటి, సగం దేశం దాటి, అత్తాపూర్ పక్కన ఒక మునిగిపోయిన కంచె మీద వాలింది. ఆ మాట చెప్పాక మేనకోడలు మళ్ళీ ఫొటోలు ఒక్కొక్కటిగా చూడటం మొదలుపెట్టింది.

జాలరిని అడిగితే, వలలోంచి జారిన చిన్న చేపల కోసం ఇవి రోజూ వెంట వస్తాయన్నాడు. మూడు చిన్న పరకలు నీళ్ళలో విసిరాడు. ముందు అందుకున్నది పెద్దది. రెండోది కూడా పెద్దదే. మూడోది మా పిల్ల పిట్టకు దొరికింది, మింగేలోపు ఇంకోటి తరిమింది, అది వంకరలు తిరుగుతూ ఎగిరి తప్పించుకుని మింగింది.

నాలుగు రోజుల్లో మా ఖర్చు పెట్రోలుకు 300, తిండికి 900 లోపు. బర్రెల తాతకు కాజాలు ఇద్దామని పొట్లం పట్టుకెళ్ళాను. ఆయన కనబడలేదు, ఆ పిల్లల చేతికిచ్చి చెప్పాను. తాత తెలుసన్నారు.

నోట్‌బుక్‌లో 'నల్లతల 1' మేనకోడలే కొట్టేసి, పక్కన 'గోధుమతల 11, అందులో పిల్ల 1' అని రాసింది. ఇవి వెళ్ళిపోయే ముందు మార్చిలో తలకు గోధుమ రంగు రావడం మొదలవుతుందని చెప్పాను. మార్చి మొదటి ఆదివారం తాను ఒక్కతే అయినా వస్తానంది. పొద్దున ఆరూ నలభైకి, ఇదే ఒడ్డుకి. రంగు ఎంతవరకు వచ్చిందో ఫొటో తీసి పంపుతానంది.